రోజా చెట్టు మొదట్లోంచి రెండు కొత్త కొమ్మలు దూసుకొచ్చాయి, కోసేయాలా ఉంచాలా?

మిద్దెతోట (తిరుపతి):

అందరికీ నమస్కారం. మాది బైరాగిపట్టెడ. మిద్దె మీద పదిహేను కుండీల దాకా ఉన్నాయి, వాటిలో నాలుగు రోజాలు. రెండేళ్ళ కిందట రేణిగుంట రోడ్డు పక్క ఒక నర్సరీలో కొన్న ఎర్ర రోజా గురించి అడగాలి. అంటు మొక్క, కొమ్మకు ఒక్క పువ్వే, కానీ అరచేయంత పువ్వు. మొదటి ఏడాది ఎంత బాగా పూసిందంటే శుక్రవారం పూజకు అమ్మ బయట పూలు కొనలేదు. పోయిన ఫిబ్రవరిలో దాన్ని 14 అంగుళాల కుండీలోకి మార్చాను. ఎండాకాలమంతా వాడిపోయినట్టే ఉండి, అక్టోబరులో నాలుగు వానలు పడగానే మొదట్లోంచి రెండు కొత్త కొమ్మలు లేచాయి.

ఒకటి నా చిటికెన వేలంత లావు. కాడా ఆకులూ ముదురు ఎరుపు, దాదాపు వంకాయ రంగు, ముళ్ళు కూడా పెద్దవి. రెండడుగులు వచ్చింది, ఇంకా మొగ్గ లేదు. రెండోది సన్నం, లేతాకుపచ్చ, ముళ్ళు దాదాపు లేవు, నాలుగున్నర అడుగులు సాగి పక్క కుండీలోని మల్లె మీద వాలిపోయింది. పాత కొమ్మలు మూడున్నాయి, బెరడు బూడిద రంగుకు తిరిగింది, పూలు నిమ్మకాయంత అయిపోయాయి.

పక్కింటి అత్తగారు రెండూ కోసేయమంటోంది, చెట్టు బలమంతా అవే లాగేస్తున్నాయని. ఒక వీడియోలో ఒక్కో ఆకు కాడకు ఏడు చిన్నాకులుంటే అడవి కొమ్మ, ఐదుంటే మంచి కొమ్మ అన్నారు. లెక్కపెడితే ఆ లావు కొమ్మకే కొన్నిచోట్ల ఐదు, కొన్నిచోట్ల ఏడు ఉన్నాయి. ఇంకా టెన్షన్ ఎక్కువైంది.

పోయిన ఏడాది పసుపు రోజాకు ఇలాగే లావు కొమ్మ వస్తే ఎవరో చెప్పారని మొదలంటా కోసేశాను. ఆ తర్వాత పాత కొమ్మలు ఒక్కొక్కటే పైనుంచి కిందికి నల్లబడుతూ ఎండి, మే నెలకు చెట్టు పోయింది. కోయడం వల్లే పోయిందో ఎండకు పోయిందో నాకు తెలియదు, కానీ ఆ కుండీ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈసారి కత్తెర పట్టుకునే ముందు అడుగుతున్నా. ఎవరైనా రోజాలు బాగా పెంచినవాళ్ళు చెప్పండి.

మామిడితోట (చిత్తూరు):

రెండూ కోసేయండమ్మా, ఆలోచించే పనే లేదు. మాకు తోతాపురి తోట ఉంది. మొదలు మీదా లావు కొమ్మల మీదా నిలువుగా లేచే నీటి కొమ్మల్ని మేము ఏటా తీసేస్తాం. అవి కాయవు, పూయవు, ఊరికే పెరుగుతాయి, లోపలికి గాలీ వెలుతురూ రాకుండా చేస్తాయి. నిమ్మ చెట్టుకూ అంతే. మా ఇంటి ముందున్న రోజాలకూ అలాగే చేస్తున్నా, ఎప్పుడూ నష్టం రాలేదు.

రోజాల_అమ్మ (తిరుచానూరు):

అన్నా, మామిడికి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరే. రోజాకు మాత్రం అది వర్తించదు. మామిడి చెట్టుకు మొదలూ పెద్ద కొమ్మలూ దశాబ్దాలు ఉంటాయి, కాపు కొసల్లో వస్తుంది, అందుకే మధ్యలోంచి లేచే నీటి కొమ్మ వృథా. రోజా పొద. దానికి శాశ్వతమైన మొదలంటూ లేదు. ఒక కొమ్మ మూడు నాలుగేళ్ళు బాగా పూసి, బెరడు ముదిరి, బూడిద రంగు తిరిగి, పూలు చిన్నబోతాయి. ఆ కొమ్మ స్థానంలోకి రావాల్సింది మొదట్లోంచి లేచే కొత్త కొమ్మే. దాన్ని కోసేస్తే చెట్టుకు వారసుడు లేకుండా చేసినట్టు. మీకు నష్టం వెంటనే కనపడదు, రెండు మూడేళ్ళ తర్వాత చెట్టు ముసలిదైపోయిందని పీకేసి కొత్తది తెచ్చుకుంటాం, కారణం ఏమిటో ఆలోచించం.

నేను 22 ఏళ్ళుగా రోజాలు పెంచుతున్నా, మొదటి ఐదారేళ్ళు నేను కూడా కోసినదాన్నే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తానమ్మా. ఆకులు లెక్కపెట్టడం మానేయండి. పెద్ద పూల రోజాల్లో కూడా బలంగా లేచిన కొమ్మకు ఏడు ఆకులు మామూలే, తీగ రోజాల్లో అయితే ఇంకా ఎక్కువ. ఆ లెక్క నమ్మి ఎంతమంది మంచి కొమ్మల్ని పోగొట్టుకున్నారో. చూడాల్సింది ఒక్కటే, కొమ్మ ఎక్కడ పుట్టింది అన్నది.

మీది అంటు మొక్క అన్నారు కదా. అంటే కింద వేరు ఒక రోజాది, పైన పూచేది ఇంకొక రోజాది. మన దక్షిణాదికి వచ్చే మొక్కల్లో చాలావాటికి వేరు మల్టీఫ్లోరా అనే అడవి రోజాది, ఉత్తరాదిలో ఇండికా ఒడొరాటా అనే ఇంకో రోజా ఎక్కువ. ఆ వేరు మొక్క కాడకు పక్కగా కోత పెట్టి పూల రకం కన్ను, అంటే చిగురు లేచే మొగ్గ, ఒకటి అతికిస్తారు. అతికిన చోట ముడిలా, మోకాలి చిప్పలా ఉబ్బి ఉంటుంది. ఆ ముడి నుంచి గానీ ముడికి పైన గానీ కొమ్మ లేస్తే అది మీ ఎర్ర రోజాదే, అంతకు మించిన అదృష్టం లేదు. ముడికి కింద, వేరు నుంచి లేస్తే అది అడవి రోజా పిలక. దానికి పెద్ద పువ్వు రాదు, వస్తే గిస్తే చిన్న తెల్ల పూలు గుత్తిగా వస్తాయి. ఇది మాత్రం నిజంగానే చెట్టు బలం లాగుతుంది, ఎందుకంటే వేరు దాని సొంతం, తన కొమ్మకే ముందు పెడుతుంది. వదిలేస్తే రెండేళ్ళలో పైన అతికించిన రకం ఎండిపోయి కుండీ నిండా అడవి రోజా మిగులుతుంది. నర్సరీవాళ్ళు మోసం చేశారు, ఎర్ర రోజా తెల్ల రోజా అయిపోయింది అని బాధపడేవాళ్ళ సంగతి చాలావరకు ఇదే.

అమెరికాలో చాలా అంటు రోజాలకు వేరు డాక్టర్ హ్యూయీ అనే ముదురు ఎరుపు తీగ రోజాది. అక్కడివాళ్ళు నా పసుపు రోజా ఎర్రబడిపోయిందని అంటారు, అదీ ఇదే కథ. వీడియోలు చూసేటప్పుడు అది ఏ దేశపు వీడియోనో చూసుకోండి, వేరు రకం వేరు, వాతావరణం వేరు. చలి దేశాల్లో మంచు నుంచి కాపాడుకోవడానికి ఆ ముడిని మట్టిలో పూడుస్తారు. మనకు ఆ అవసరం లేదు, ముడి మట్టికి రెండంగుళాలు పైన, కంటికి కనపడేలా ఉండాలి.

మీరు ఫిబ్రవరిలో కుండీ మార్చారు కదా, అప్పుడు ముడి మట్టిలోకి వెళ్ళిపోయిందేమో అని నా అనుమానం. అలా అయితే ముడి నుంచి లేచిన మంచి కొమ్మ కూడా మట్టిలోంచే వచ్చినట్టు కనపడి మనల్ని భయపెడుతుంది. మీరు చెప్పిన రంగుల్ని బట్టి లావుది మంచిది, పొడుగుది పిలక అనిపిస్తోంది, కానీ రంగు చూసి కత్తెర పెట్టకండి. చిన్న గరిటెతో కాదు, వేళ్ళతోనే మట్టి మెల్లగా తీసి, రెండు కొమ్మలూ ఎక్కడ మొదలయ్యాయో చూసి ఇక్కడ చెప్పండి. ఇంకో గుర్తు ఉంది. ఆకు కాడ అడుగున, కొమ్మకు అతుక్కునే చోట, రెండు పక్కలా చిన్న రెక్కలుంటాయి. మల్టీఫ్లోరాకు ఆ రెక్కల అంచు దువ్వెన పళ్ళలా చీలికలు చీలికలుగా ఉంటుంది. పెద్ద పూల రోజాకు సాధారణంగా నున్నగా ఉంటుంది.

పూలరైతు (కుప్పం):

అమ్మ చెప్పింది కరెక్ట్. మాది కుప్పం దగ్గర పల్లె, అర ఎకరం పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పిన పందిట్లో, తాజ్‌మహల్ రకం రోజా వేశాం, పూలు బెంగళూరుకు పోతాయి. మాకు ఆదాయమే ఆ మొదట్లోంచి వచ్చే కొమ్మల మీద. వాటిని మేము గ్రౌండ్ షూట్ అంటాం. పొడుగు కాడ, లావు మొగ్గ వాటికే వస్తాయి, గ్రేడు కాడ పొడుగును బట్టి కదా. కూలీకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా తెలియక ఎర్రగా లేచిన గ్రౌండ్ షూట్ తుంచితే ఆ రోజు నాకు అన్నం సహించదు.

అవి ఎక్కువ రావడానికి మేము చేసేది కూడా చెబుతా, కుండీల్లో పెంచేవాళ్ళకు పనికొస్తుంది. సన్న కొమ్మల్ని, మొగ్గ రాని గుడ్డి కొమ్మల్ని కోయం. మెడ దగ్గర నొక్కి పక్కకు వంచేస్తాం, ఆకులు కిందికి వాలి ఉంటాయి. వంచిన కొమ్మ ఆకులు ఎండలో తిండి తయారుచేసి వేరుకు పంపుతూనే ఉంటాయి. కొస కిందికి పోయింది కాబట్టి మొదట్లో నిద్రపోతున్న కన్నులు లేస్తాయి. కొమ్మ కొసలో ఉండే చిగురు కింది కన్నుల్ని లేవనివ్వదు, అది కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం చేసే పని. కొస వంగినా, తుంచినా ఆ పట్టు సడలుతుంది. రోజా పని అంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది అంటాను నేను.

అందుకే చెట్టు మీద ఆకు తక్కువున్నప్పుడు దయచేసి కోతలు పెట్టకండి. అక్క పసుపు రోజా చచ్చిపోయింది అన్నారు కదా, పాత కొమ్మల్లో సత్తువ లేదు, తిండి పెట్టే కొత్త కొమ్మ పోయింది, పైన ఎండ. మూడూ కలిశాయి అనుకుంటా. పైనుంచి నల్లబడుతూ ఎండటం అన్నది డైబ్యాక్, ఎండు తెగులు. అది శిలీంధ్రం వల్ల వస్తుంది, కోసిన చోటు నుంచి లోపలికి దిగుతుంది, నీరసంగా ఉన్న చెట్టును ముందు పట్టుకుంటుంది.

మిద్దెతోట (తిరుపతి):

రోజాల అమ్మకు, కుప్పం అన్నకు చాలా థాంక్స్. ఈ రోజు పొద్దున్నే మట్టి తీశాను. మీరు అన్నట్టే ముడి మూడు అంగుళాలు లోపలికి పోయి ఉంది, కుండీ మార్చినప్పుడు గట్టిగా నిలబడాలని నేనే లోతుగా పెట్టాను. ఎర్ర కొమ్మ సరిగ్గా ఆ ముడి పక్కనుంచే లేచింది. పచ్చ కొమ్మ ముడికి రెండంగుళాలు కింద, ఒక లావు వేరు మీదనుంచి. ఆకు కాడ అడుగున రెక్కలు చూశాను, మీరు చెప్పినట్టే దువ్వెన పళ్ళలా ఉన్నాయి! ఎర్ర కొమ్మకు నున్నగా ఉన్నాయి. ఫోటో తీసి అమ్మకు పెద్దది చేసి చూపించాను, రెండేళ్ళుగా నీళ్ళు పోస్తున్నా ఇవి ఎప్పుడూ చూడలేదే అంది.

పోయిన ఏడాది నేను కోసింది మంచి కొమ్మే అయి ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది, అది కూడా ఇలాగే ఎర్రగా లావుగా ఉండేది. సరే.

ఇప్పుడు మూడు అడగాలి. పచ్చ పిలకను కత్తెరతో కోస్తే చాలా? ఎర్రదాని కొస తుంచాలా, మొగ్గ వచ్చేదాకా ఆగాలా? పాత మూడు కొమ్మల్ని ఎప్పుడు కత్తిరించాలి, ఇక్కడ రోజూ ముసురు పడుతోంది, రేపు ఎల్లుండి మళ్ళీ వాయుగుండం అంటున్నారు.

రోజాల_అమ్మ (తిరుచానూరు):

చాలా మంచి పని చేశారు తల్లీ.

పిలకను కత్తెరతో కోయకండి. మట్టి దగ్గర కోస్తే అడుగున మిగిలిన మొదలులో కన్నులుంటాయి, ఒకటి పోయిన చోట మూడు లేస్తాయి. అది పుట్టిన చోటు దాకా మట్టి తీసి, ఒక చేత్తో చెట్టు మొదలు గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో పిలకను కిందికి ఒక్కసారిగా లాగి పీకేయండి. మొదట్లో వేరుకు అతుక్కున్న మడమ లాంటి ముక్కతో సహా ఊడి రావాలి. అప్పుడే అక్కడున్న కన్నులు కూడా పోతాయి. తోలు చేతి తొడుగు వేసుకోండి. మరీ ముదిరి రాకపోతే, పదునైన చాకుతో వేరు బెరడును కూడా కొద్దిగా చెక్కుతూ తీయండి. గాయం ఒక గంట గాలికి ఆరనిచ్చి ఆ తర్వాత మట్టి కప్పండి. ఇది వాన తగ్గేదాకా ఆపాల్సిన పని కాదు, తెరిపిచ్చిన పూట చేసేయండి, పిలక ఎంత లేతగా ఉంటే అంత తేలిక. వచ్చే రెండు మూడు నెలలు అక్కడ ఒక కన్నేసి ఉంచండి, మళ్ళీ వస్తే వేలెడంత ఉన్నప్పుడే బొటనవేలితో నెట్టేయొచ్చు.

మట్టి మళ్ళీ కప్పేటప్పుడు ముడి పైకి కనపడేలా పై మట్టి తీసేసి వదలండి, కుండీ మళ్ళీ మార్చే పని లేదు.

ఎర్ర కొమ్మ. దీన్ని ఈ రోజే కట్టాలి, మిగతావన్నీ తర్వాత. ఇలా మొదట్లోంచి లేచిన కొమ్మ మొదటి నెలా రెండు నెలలు ముడి దగ్గర చాలా బలహీనంగా అతుక్కుని ఉంటుంది. చూడటానికి లావుగా ఉంటుంది గానీ వాయుగుండం గాలికి ముడి దగ్గర శుభ్రంగా విరిగిపోతుంది. నాకు అలా ఒక ఏడాది నవంబరులో ఒకే రాత్రి మూడు పోయాయి. వెదురు పుల్ల ఒకటి కుండీ అంచుకు దగ్గరగా గుచ్చి, పాత చీర పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. దారం, వైరు వద్దు, కోసుకుపోతుంది.

కొస తుంచడం గురించి. వదిలేస్తే ఇది మూడు నాలుగు అడుగులు పోయి చివర దీపపు సెమ్మెలా విచ్చుకుని ఒకేసారి ఏడెనిమిది చిన్న పూలు పూస్తుంది, కొమ్మ కింద భాగం బోసిగా ఉంటుంది. రెండడుగులు వచ్చింది కాబట్టి ఇప్పుడే కొస రెండంగుళాలు, ఐదాకుల ఆకు ఒకటి చూసుకుని దాని పైన, గోటితో తుంచండి. కత్తెర అవసరం లేదు, అంత లేతగా ఉంటుంది. పది పన్నెండు రోజుల్లో కింది కణుపుల్లోంచి రెండు మూడు పక్క కొమ్మలు వస్తాయి, ఒక్కోదానికి మంచి పువ్వు వస్తుంది. పూలు ఇంకో ఆరేడు వారాలు ఆలస్యమవుతాయి, అమ్మగారికి చెప్పండి. ఆ ఆలస్యం చెట్టుకు మంచి గట్టి కొమ్మ ఇస్తుంది.

పాత కొమ్మలకు ఇప్పుడు కత్తెర పెట్టకండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా, ఈశాన్య రుతుపవనాలవి. తడిలో కోసిన కొమ్మ ఆరదు, కుప్పం తమ్ముడు చెప్పిన ఎండు తెగులు అక్కడినుంచే దిగుతుంది. ఇంగ్లండ్‌లో చలి అయ్యాక ఫిబ్రవరి, మార్చిలో కోస్తారు. మనం అప్పుడు గట్టిగా కోస్తే లేత చిగుళ్ళు పోయి పోయి ఏప్రిల్ ఎండకు చిక్కుతాయి, 40 డిగ్రీలు దాటే ఊరు మనది. నేను ప్రతి ఏడాదీ మా ఊరి కార్తీక బ్రహ్మోత్సవాలు అయి, పంచమి తీర్థం జనం తగ్గాక, రెండు మూడు రోజులు ఎండ కాసిన తర్వాత కత్తిరిస్తా. అప్పుడు కోస్తే ఏడు వారాలకు పూలు, అంటే సంక్రాంతి అటూ ఇటూగా.

కోసేటప్పుడు కూడా మూడింటినీ ఒకే రోజు మొదలంటా తీయకండి. బాగా ముదిరింది, బూడిద రంగుది, ఒక్కటి మాత్రం ముడి దగ్గరికి తీసేయండి. మిగతా రెండింటినీ సగానికి, బయటి వైపు చూస్తున్న కన్నుకు పావు అంగుళం పైన, వాలుగా కోయండి. కోసిన చోట లోపల తెల్లగా ఉండాలి. గోధుమ రంగు మధ్యలో కనపడితే ఇంకో కణుపు కిందికి వెళ్ళండి, తెల్లదనం వచ్చేదాకా. కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు చిక్కగా కలిపి బ్రష్‌తో పూయండి. ఎరువు కోసిన వారం తర్వాత, చిగుళ్ళు మెలకువ చూపించాక, రెండు గుప్పెళ్ళు వర్మీకంపోస్ట్, ఒక గుప్పెడు వేపపిండి. వేరుశనగ చెక్క పులియబెట్టిన నీళ్ళు చాలామంది ఇస్తారు, నేనూ ఇస్తా, కానీ పది వంతుల నీళ్ళు కలిపి, వాన లేనప్పుడు.

కొండగాలి (పలమనేరు):

మంచి చర్చ. ఇక్కడే నాదీ ఒకటి అడుగుతాను. మా ఇంటి గేటు పక్క తీగ రోజా ఉంది, గులాబీ రంగు. దానికి కూడా మొదట్లోంచి ఏడెనిమిది అడుగుల కొమ్మలు లేస్తున్నాయి. ఇక్కడ చదివాక కొస తుంచుదామా అనుకుంటున్నా. మాది పలమనేరు, మీకంటే చల్లన. మూడేళ్ళుగా కొసన నాలుగు పూలు తప్ప కొమ్మ పొడవునా ఏమీ రావడం లేదు.

పూలరైతు (కుప్పం):

తీగ రోజాకు కొస తుంచకండి మేడమ్, పొద రోజాకు చెప్పింది దీనికి పనికిరాదు. తీగకు ఆ పొడుగు కొమ్మే ఆస్తి. మీరు కొమ్మల్ని నిలువుగా పైకి కట్టి ఉంటారు, అందుకే కొసన మాత్రం పూస్తున్నాయి. నేను పైన చెప్పిన ఆక్సిన్ సంగతే ఇది కూడా. కొమ్మ నిటారుగా ఉన్నంతసేపు కొస పెత్తనం నడుస్తుంది. దాన్ని గోడ వెంబడి పడుకోబెట్టినట్టు, నేలకు దాదాపు సమాంతరంగా, విసనకర్ర పుల్లల్లా విప్పి కట్టండి. ప్రతి కణుపూ తనే కొస అనుకుంటుంది, ప్రతి కణుపు దగ్గరా చిన్న పూల రెమ్మ లేస్తుంది. కొమ్మ లేతగా ఎరుపు పోయి పచ్చబడుతున్నప్పుడు వంచండి. మరీ లేతగా ఉంటే మొదట్లో విరుగుతుంది, ముదిరితే వంగదు. రెండు మూడు విడతలుగా, వారానికి కొంచెం వంచుతూ పోవాలి.

కత్తెర పెట్టాల్సింది పూసి అయిపోయిన ఆ చిన్న రెమ్మలకు, రెండు మూడు కన్నులు ఉంచి. పొడుగు కొమ్మల జోలికి పోకండి. మరీ గుబురైతే అన్నిటికంటే పాతది ఒకటి ఏడాదికి ఒకసారి మొదలంటా తీయండి.

మామిడితోట (చిత్తూరు):

ఇదంతా రెండుసార్లు చదివాను. మా ఇంటి ముందు నాలుగు రోజా చెట్లు, ప్రతి మూడేళ్ళకోసారి పోతున్నాయి, ఇన్నాళ్ళూ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, బోరు నీళ్ళే కారణం అనుకుంటూ వచ్చా. సాయంత్రం వెళ్ళి మట్టి తీసి చూశా. ఒకదానికి ముడి నుంచే లేచిన కొత్త కొమ్మ కోసిన గుర్తులు ఐదున్నాయి, ఐదూ నేను కోసినవే. ఇంకోదానికి ముడి పైన ఏమీ మిగల్లేదు, మొత్తం అడవి రోజానే, రెండేళ్ళుగా పూయని దానికి ఎరువు వేస్తున్నా.

అమ్మా, మీరు చెప్పకపోతే ఈ ఏడాది కూడా కోసేవాణ్ణి. ఆ అడవి రోజా మొదలును పీకేయాలా, ఏమైనా పనికొస్తుందా?

రోజాల_అమ్మ (తిరుచానూరు):

పీకకండన్నా, అది బంగారం. ఆరోగ్యంగా ఉన్న వేరు మొక్క మీ చేతిలో ఉంది, అంటు కట్టుకోండి. మీకు మామిడి అంట్లు కట్టే మనుషులు తెలుసు కదా, చేయి తిరిగినవాళ్ళకు ఇది కష్టం కాదు. పెన్సిలంత లావున్న లేత కొమ్మ ఒకటి ఉంచి మిగతావి తీసేసి, మొదలుకు దగ్గరగా బెరడు మీద టీ ఆకారంలో చీల్చి, మీకు నచ్చిన రకం కన్ను పెట్టి ప్లాస్టిక్ పట్టీతో కట్టాలి, కన్ను మాత్రం బయటికి ఉండాలి. మూడు వారాలకు కన్ను పచ్చగా ఉంటే అతికినట్టు. వానలు పోయాక, డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి లోపు చేయించండి, బెరడు సులువుగా లేస్తుంది, ఎండ దెబ్బ ఉండదు. కన్ను మా చెట్ల నుంచి కావాలంటే చెప్పండి, తడిగుడ్డలో చుట్టి పంపిస్తా, అదే రోజు కట్టుకోవాలి.

మిద్దెతోట (తిరుపతి):

నాలుగు వారాల తర్వాత రాస్తున్నా. పిలక మడమతో సహా వచ్చేసింది, నేను అనుకున్నంత కష్టం కాలేదు. ఎర్ర కొమ్మను ఆ రోజే కట్టాను, మరుసటి రాత్రి గాలికి మిద్దె మీద రెండు కుండీలు పడిపోయాయి, ఇది మాత్రం నిలబడింది. కొస తుంచిన తొమ్మిదో రోజుకు మూడు చోట్ల ఎర్రగా కన్నులు లేచాయి, ఇప్పుడు జానెడు అయ్యాయి. పాత కొమ్మల్ని మొన్న ఎండ కాశాక మీరు చెప్పినట్టే కోశాను. ఒకదాంట్లో లోపల గోధుమ రంగు కనపడి మూడు కణుపులు కిందికి వెళ్ళాల్సి వచ్చింది, చివరికి తెల్లగా వచ్చింది.

ఇంకొక్కటి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చి పెట్టుకున్న పన్నీరు రోజా ఉంది, పెద్ద తొట్టిలో. దానికి మట్టిలోంచి, మొదలుకు జానెడు దూరంలో కూడా పిలకలు లేస్తున్నాయి. ఎంత వెతికినా ముడి కనపడలేదు. ఇది కూడా అడవిదేనా? అమ్మ దాన్ని ముట్టనివ్వడం లేదు.

రోజాల_అమ్మ (తిరుచానూరు):

అమ్మగారే కరెక్ట్, ముట్టకండి. పన్నీరు రోజాను అంటు కట్టరు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, అలాగే ఇంటింటికీ చేరింది. వేరూ దానిదే, పైనా అదే. కాబట్టి ఎక్కడినుంచి ఏది లేచినా పన్నీరు రోజానే. దూరంగా లేచిన పిలకలకు వేరు ముక్క ఉంటుంది, తొట్టి ఇరుకైతే వేరుతో సహా తవ్వి వేరే కుండీలో పెట్టుకోండి, ఆ ఏడాదే పూస్తుంది. మా ఇంట్లో ఆ రకం ఉండేది, పోయిన ఏడాది వరద నీళ్ళు నిలిచి పోయింది. దాని వాసన ఇంకే రోజాకూ రాదు.

మిద్దెతోట (తిరుపతి):

అమ్మకు చదివి వినిపించాను. మీకు రెండు పిలకలు ఇవ్వమంది, ఇప్పుడే తవ్వి వేర్లకు తడి గోనె చుట్టి నీడలో పెట్టింది. ఆదివారం పొద్దున తిరుచానూరు గుడికి వస్తున్నాం, గుడి దగ్గరికి మీరు రాగలరా, లేకపోతే మేమే ఇంటికి తెచ్చిస్తాం.

రోజాల_అమ్మ (తిరుచానూరు):

ఇంటికే రండమ్మా, కోనేటి పక్క వీధే. వేర్లు మాత్రం ఆరనివ్వకండి. తొట్టి ఈ సాయంత్రమే సిద్ధం చేస్తున్నా.